కలప డిపోలో ఊడ్చే పని

రిటైరైన మూడో వారంలో మా డిపోకు వెళ్లి, అక్కడే ఉండిపోయాను. డిపో అంటే మా అబ్బ, అంటే మా నాన్న, పెట్టిన కలప డిపో. పాల్వంచ దాటి భద్రాచలం వైపు పోతుంటే ఒకచోట రోడ్డు వదిలి మట్టిబాట పట్టాలి. అడవి మొదలయ్యే చోట తొమ్మిదెకరాల ఆవరణ. మూడు వైపులా రాతి గోడ, అడవి వైపు మాత్రం తీగ కంచె. నా చిన్నతనంలో అక్కడ కోత మిషను పొద్దున ఎనిమిదింటికి మొదలైతే దాని కూతకు మా మాటలు మాకే వినపడేవి కావు. అబ్బ పోయాడు. అడవికి అంత దగ్గరగా మిల్లు నడపకూడదని అటవీ శాఖ వాళ్లన్నారు. మిషను అమ్మేశాం. రేకుల షెడ్డు, అబ్బ కూర్చునే రెండు గదుల ఆఫీసు మిగిలాయి. అన్నలు ఖమ్మంలో వాళ్ల వ్యాపారాలు వాళ్లు చూసుకుంటూ ఆ జాగాను నా వాటా కింద వదిలేశారు. "లెక్కల సారుకు లెక్కలోకి రాని జాగా" అని పెద్దన్న నవ్వాడు.

నేను లెక్కల సారునే. ఇల్లు ఖమ్మంలోని ఖానాపురం హవేలిలో, ఉద్యోగం ఒకసారి తిరుమలాయపాలెంలో, ఒకసారి బోనకల్లులో. బోనకల్లులో ఉన్నన్నాళ్లు రైల్లో వెళ్లి రైల్లో వచ్చాను. బతుకంతా గంట కొడితే లేచి, గంట కొడితే కూర్చున్నవాణ్ణి. రిటైరయ్యాక కూడా పొద్దున ఎనిమిదిన్నరకు నా కాళ్లు వాటంతటవే చెప్పుల దగ్గరకు పోయేవి. నా భార్య వంటింట్లోంచి చూసి, "ఎక్కడికి జీ?" అనేది. ఎక్కడికో నాకూ తెలిసేది కాదు. (ఇంట్లో మా మాట ఉర్దూ. ఆమె అన్నవన్నీ తెలుగు చేసి రాస్తున్నాను.) చివరికి ఒకరోజు ఆమే బ్యాగు సర్ది చేతికిచ్చింది. "కొన్ని దినాలు డిపోల ఉండి రాపోండ్రి. గోడలు చూసుకుంట ఇక్కడ తిరిగితే నాకే తల తిరుగుతున్నది."

ఆ ఆవరణను చూసుకునేది ఒక పెద్దాయన. కంచె అవతల అరమైలు దూరంలో ఉన్న కోయగూడెం ఆయనది. ఇరవై ఏళ్లు నిండకముందే దుంగలు దొర్లించే పనికి అబ్బ దగ్గర చేరాడు. నేనప్పుడు నిక్కరు వేసుకునే పిల్లవాణ్ణి, ఆయనను అన్నా అనేవాణ్ణి. ఇప్పటికీ అన్నా అనే అంటాను. ఆయనకు మా అబ్బ సేటు, నేను చిన్న సేటు. ఎవరినైనా నువ్వు అనే అంటాడు. 'మీరు' అనే మాట ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. మిల్లు మూతపడ్డా ఆయన రావడం మానలేదు. తెల్లారగానే కంచెకున్న చిన్న తలుపు తీసుకుని వచ్చి, ఆకులు ఊడ్చి, గడ్డి కోసి, తెగిన తీగ కట్టి, పొద్దు వాలకముందే వెళ్లిపోయేవాడు. అన్నలు నెలనెలా జీతం పంపేవాళ్లు. అంతకు మించి ఆ జాగా సంగతి మాలో ఎవరూ పట్టించుకోలేదు.

మొదటి పొద్దున నమాజు చేసుకుని కూర్చుంటే బయట ఎవరో నడుస్తున్న చప్పుడు. ఒకడుగు వేసి ఆగి, మళ్లీ ఒకడుగు వేసినట్టు. తలుపు తీసి చూశాను. ఎవరూ లేరు. టేకు ఆకులు రాలుతున్నాయి. అన్నం తినే పళ్లెమంత ఆకు కొమ్మ వదిలి, కింది కొమ్మకు తగిలి, తిరగబడి, నిదానంగా నేలకు దిగుతోంది. ఒకదాని తర్వాత ఇంకొకటి, తొందర లేకుండా. మిల్లు ఉన్న రోజుల్లో ఆ నేల మీద గడ్డిపోచ మొలిచేది కాదు. ఇన్నేళ్లలో అడవి కంచె దాటి వచ్చేసింది. దుంగలు పేర్చిన చోట టేకు చెట్లు, లారీలు తిరిగిన చోట మద్దులు, తునికి పొదలు. మంచు ఇంకా విడవలేదు. ఆ తెల్లదనంలో చెట్ల మొదళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి, పైన ఏమున్నదో తెలియడం లేదు. అట్లా ఎంతసేపు నిలబడ్డానో గుర్తు లేదు.

తర్వాత మంచులోంచి ఈత పొరక చప్పుడు వినిపించింది. పెద్దాయన వంగి ఊడుస్తూ వస్తున్నాడు. ఎముకల గూడు లాంటి మనిషి. పదిసార్లు ఊడ్చి ఒకసారి నడుము పట్టుకుని ఆగుతున్నాడు. చూడలేకపోయాను. దగ్గరకు వెళ్లి ఆయన చేతిలోంచి పొరక తీసుకున్నాను.

"అన్నా, రేపటి సంది ఈ పని నేను చేస్త. నువ్వు ఊకె వచ్చి కూసో. నీ జీతం నీకు అట్లనే వస్తది."

ఆయన నా మొహంలోకి చూశాడు. ఏదో అంటాడనుకున్నాను.

"అవ్ చిన్న సేటు" అన్నాడు, అంతే.

గొప్ప మేలు చేశానని అనిపించింది. మర్నాటి నుంచి నేను ఊడుస్తుంటే ఆయన షెడ్డు పక్కనున్న పాత దుంగ మీద కూర్చుని చూసేవాడు. నాకు పొరక పట్టుకోవడం రాదు. గాలికి ఎదురు ఊడ్చేవాణ్ణి, ఊడ్చిన ఆకులు ఊడ్చినట్టే వెనక్కి వచ్చేవి. అరచేతుల్లో బొబ్బలు లేచి పగిలాయి. నేను నవ్వితే ఆయన నవ్వేవాడు కాదు. ఎనిమిదో రోజు ఆయన రాలేదు. తొమ్మిదో రోజూ రాలేదు.

ఆ ఆదివారం నా భార్య ఖమ్మం నుంచి బస్సెక్కి చపాతీలు, మామిడికాయ తొక్కు పట్టుకుని వచ్చింది. నా చేతులు చూసి పసుపు తడిపి రాసింది. పెద్దాయన రావడం లేదని చెబితే, అసలేం జరిగిందో గుచ్చి గుచ్చి అడిగింది.

"ఆయన పని గుంజుకున్నరు మీరు" అంది.

"గుంజుకునుడు ఏంది? కూసోబెట్టి జీతం ఇస్తా అంటిని గదా!"

"మీకు గూడ కూసోబెట్టి పెన్షన్ ఇస్తున్నరు. బడిల శాలువ కప్పి, దండ వేసి, పది మంది పొగిడి పంపిండ్రు. అయినా ఇంటికొచ్చి రెండు దినాలు నాతోని సుత మాట్లాడలేదు మీరు. ఆయనకు శాలువ సుత లేకపాయె."

ఆమె చపాతీ తుంచి నా పళ్లెంలో వేసింది. "తినండ్రి. తిని పోయి పిలుచుకరాండ్రి."

ఆ సాయంత్రం కంచె తలుపు తీసుకుని గూడెం వెళ్లాను. పెద్దాయన ఇంటి ముందు వెదురు చీలుస్తున్నాడు. ఆయన భార్య నులక మంచం వాల్చి, చెంబుతో నీళ్లు తెచ్చిచ్చింది. మంచి చెడ్డ మాట్లాడుకున్నాం. చివరికి అడిగాను.

"డిపోకు వస్తలేవేంది అన్నా?"

"పని లేని కాడ నేనెందుకు చిన్న సేటు?"

"పని కోసం కాదు. ఊకె వచ్చి కూసో."

"కూసునుడు ఇక్కడ గూడ అయితది" అన్నాడు, కత్తి మీద నుంచి చూపు ఎత్తకుండా.

అప్పుడే 'పొరక నీకే ఇచ్చేస్తా, రా' అనాల్సింది. నోటిదాకా వచ్చిన మాట అనలేకపోయాను. ఈ సంగతి నా భార్యకు కూడా ఇప్పటిదాకా చెప్పలేదు. ఆ పది రోజుల్లో ఊడ్చే పని మీద నాకు అంత ఆశ పుట్టింది. ఇచ్చేస్తే మళ్లీ చెప్పుల దగ్గర నిలబడాలి. చెంబు కింద పెట్టి వచ్చేశాను.

ఆ తర్వాత ఒక నెలకు పైగా ఒంటరిగా ఊడ్చాను. ఆ నెలను తల్చుకుంటే ఇప్పటికీ నిద్రలో జరిగినట్టే ఉంటుంది. తొమ్మిదెకరాలూ ఊడ్చే పని కాదు. గేటు నుంచి ఆఫీసు దాకా బాట, షెడ్డు చుట్టూ నేల, కంచె వెంట అగ్గి రాకుండా చెత్త తీసి ఉంచే రెండు బారల పట్టీ. అంతే. గేటు దగ్గర మొదలుపెట్టి ఆఫీసు చేరేసరికి గేటు దగ్గర మళ్లీ ఆకులు పడి ఉండేవి. మొదట్లో విసుగొచ్చింది. పోను పోను ఆ విసుగు ఎటు పోయిందో! పొరక ఒక పక్కకు, ఊపిరి ఒక పక్కకు. మధ్యాహ్నం ఎండలో టేకు ఆకు మీద అడుగేస్తే అప్పడం విరిగినట్టు విరిగేది. చేతులకు ఎర్రటి రంగు అంటుకునేది. ఒక్కోసారి కంచె అవతల దుప్పి నిలబడి చెవులు ఆడిస్తూ చూసేది. నేను ఆగితే పారిపోతుంది కాబట్టి ఆగకుండా ఊడ్చేవాణ్ణి. ఒకనాడు నోట్లోంచి ఎక్కాలు వస్తున్నాయని నాకే వినపడింది. పదిహేడో ఎక్కం, బడిలో పిల్లలతో చదివించినట్టు రాగం తీస్తూ. ఎప్పటి నుంచి చదువుతున్నానో తెలియదు.

ఇప్పపూలు రాలే రోజులు వచ్చాయి. గాలి నిండా కల్లు కుండ మూత తీసినట్టు తీపి వాసన. ఊడ్చిన ఆకులు ఆవరణ వెనక మూలన, కొంచెం ఎత్తుగా ఉన్న మెత్తటి నేల మీద పోగుచేసేవాణ్ణి. ఆ ఎత్తు మట్టి దిబ్బ అనుకున్నాను. పోగు నా ఎత్తు దాటింది. ఒక పొద్దున గాలి లేని వేళ చూసి అంటించాను. ఆకులు భగ్గుమని గంటలో బూడిదయ్యాయి. బకెట్లతో నీళ్లు పోసి, కట్టెతో కలిపి, ఒక్క నిప్పురవ్వ లేదని చూసుకునే వచ్చాను.

మూడో రోజు పొద్దున అటు వెళితే, బూడిద ఉన్న చోటికి చాలా ఎడంగా, గడ్డి మధ్యలోంచి ఒక సన్నటి పొగ నిటారుగా లేస్తోంది. అగరుబత్తి గుచ్చినట్టు. దగ్గరకు వెళ్లి నీళ్లు పోశాను. బుస్సుమని ఆగింది. వెనక్కి తిరిగి చూస్తే ఇంకో చోట లేచింది. అక్కడా పోశాను. సాయంత్రానికి అయిదారు చోట్ల లేస్తోంది. మంట ఎక్కడా కనపడదు. నేల మీద గడ్డి పచ్చగానే ఉంది. కింద ఎక్కడో ఏదో కాలుతోంది. కంచె అక్కడికి ఇరవై అడుగులు. కంచె అవతల ఎండిన అడవి.

నా భార్యకు ఫోన్ చేస్తే మర్నాడు మొదటి బస్సుకు వచ్చేసింది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఆ పొగలన్నీ చూసింది. "భూమికి జ్వరం వచ్చినట్టున్నది" అంది. "పెద్దాయనను పిలిచిండ్రా?"

"ఏ మొహం పెట్టుకుని పిలవాలె?"

"ఉన్న మొహం పెట్టుకునే పిలవాలె."

పిలవాల్సిన పని పడలేదు. మేం ఆ మాటల్లో ఉండగానే కంచె తలుపు కిర్రుమంది. పొగ వాసన గూడెం దాకా పోయినట్టుంది, పెద్దాయన భుజాన గడ్డపార వేసుకుని వస్తున్నాడు. నన్ను పలకరించలేదు. పొగ వంక కూడా చూడలేదు. చెప్పులు విడిచి దిబ్బ మీదికి ఎక్కి, నేలను పాదంతో తడుముతూ నడిచాడు. ఒక అడుగు వేసి ఆగి, మడమ ఒత్తి, కాస్త పక్కకు జరిగి మళ్లీ ఒత్తి. అట్లా దిబ్బంతా తిరిగి, అక్కడక్కడా పుల్లలు గుచ్చాడు. చూస్తుండగానే పుల్లలన్నీ ఒక వంకర గీతలా కనిపించాయి.

"ఇంతదాక వచ్చింది అగ్గి" అన్నాడు. "ఇది మన్ను కాదు చిన్న సేటు. రంపప్పొట్టు. మీ నాయిన కాలం సంది పోసిన పొట్టు అంత ఇక్కడ్నే ఉన్నది. పైన మన్ను పట్టి గడ్డి మొలిచింది గని, లోపల అంత పొట్టే."

"నీళ్లు పోస్తున్న అన్నా, ఆరుతలేదు."

"నీళ్లకు ఆరదు. పక్కకు జరుగుతది. తొవ్వాలె. దానికి ముందుగల కందకం కొట్టాలె, మన్ను తగిలేదాక. తినేటందుకు పొట్టు దొరక్కపోతే అదే సస్తది."

గడ్డపార నా చేతికిచ్చాడు. "నువ్వు తొవ్వు. నాకు నడుము లేదు."

మూడు రోజులు తవ్వాను. గూడెం నుంచి ఆయన భార్య, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు వచ్చి పొట్టు తట్టలకెత్తి దూరంగా పోశారు. నా భార్య అందరికీ అన్నం, టమాటా పప్పు వండింది. పెద్దాయన కందకం గట్టు మీద నిలబడి, "ఇటు తిప్పు, ఇంకా లోతు పోవాలె, ఆగు" అని చెబుతూ ఉన్నాడు. ఎనిమిదో తరగతి మొద్దు పిల్లవాడికి నేను చెప్పినట్టే. ఒక్కోచోట గడ్డపార దించితే లోపలి నుంచి వేడి ఆవిరి మొహానికి కొట్టేది. దానితో పాటు వాసన. ఎన్నో ఏళ్ల కిందట అబ్బ జుబ్బాకు ఉండే వాసన. కళ్లలో నీళ్లు వస్తే పొగ వల్లనే అని అందరూ అనుకున్నారు. నేనూ అట్లాగే అనుకున్నాను.

మూడో రోజు మధ్యాహ్నానికి కందకం నడుం లోతుకు వెళ్లి ఎర్రమట్టి తగిలింది. పెద్దాయన మెల్లగా లోపలికి దిగి, తెగిన పొట్టు గోడకు మొహం ఆనించేంత దగ్గరగా పెట్టి, అరచేత్తో నిమిరాడు. నాకు మొదట అంతా ఒకటే ముదురు రంగులో కనిపించింది. ఆయన నీళ్లు తెప్పించి గోడ మీద చల్లాక చారలు తేలాయి. అడుగున నల్లగా, ఆ పైన ఇటుక రంగు, దాని మీద పసుపు, మళ్లీ నలుపు.

"గీ నల్లది జిట్రేగి కట్టెది. నేను పనిల చేరిన కొత్తల. గంత గొప్ప జిట్రేగి మల్ల రాలే. ఎర్రది యేగిస. మీ అక్క పెండ్లి అయిన యేడు అంత యేగిసే కోసినం. మంచాలు చేపిచ్చిండు సేటు. గీ పసుపుది బండారు."

"ఇది?" అని నేను మోకాలికి కాస్త పైన ఉన్న బూడిద రంగు చారను చూపించాను. సన్నగా, వేలు మందం ఉంది.

ఆయన గోటితో గీకి, వాసన చూశాడు. "ఇది మన్ను. ఆ యేడు మీ నాయినకు మంచిగ లేకుండె. మిషను బంద్ ఉండె. వానలకు మన్ను కొట్టుకొచ్చి పడ్డది."

అబ్బకు జబ్బు చేసిన ఆ ఏడు నేను వరంగల్లులో చదువుకుంటున్నాను. పరీక్షలు పాడవుతాయని ఎవరూ నాకు చెప్పలేదు. ఎండ నెత్తి మీద ఉంది. కందకంలో మాత్రం చల్లగా ఉంది. ఇద్దరం గోడకు వీపు ఆనించి చాలాసేపు కూర్చున్నాం. పైన ఆడవాళ్లు కోయ మాటల్లో ఏదో అనుకుని నవ్వుతున్నారు. ఒక టేకు ఆకు మా మధ్యలో వచ్చి పడింది. ఎవరమూ కదపలేదు.

"అన్నా, ఆ దినం నీ చేతిలకెళ్లి పొరక తీసుకున్న. తప్పు చేసిన" అన్నాను.

"నువ్వు ఊడ్సేది మంచిగుండదు" అన్నాడు ఆయన. "ఆడికాడికి ఆకులు ఉంచిపోతవు, కాళ్లకు తగులుతయి. గని, నీకు ఇష్టం ఉన్నది. దూరంకెళ్లి విన్న, గూడెం తొవ్వల నిలబడి. ఏదో పాట పాడుతుంటివి."

"పాట కాదు, ఎక్కం."

"ఏదన్న గానీ. ఊడ్సుడు నువ్వే ఉంచుకో. కంచె, అగ్గి నేను చూసుకుంట. అవి నీకు రావు."

పొగలు నాలుగో రోజు తగ్గి, వారానికి పూర్తిగా ఆగాయి. ఆ మర్నాటి నుంచి ఆయన మళ్లీ రావడం మొదలుపెట్టాడు. పొద్దున్నే కాదు, తనకు వీలైనప్పుడు. వచ్చి కంచె వెంట నడిచి, తీగలు లాగి చూసి, నన్ను నాలుగు మాటలు అని వెళ్లేవాడు. నా భార్య మాత్రం వానలు మొదలైనా ఖమ్మం తిరిగి పోలేదు. అబ్బ ఆఫీసు గదిలో పొయ్యి పెట్టుకుంది. ఖానాపురం హవేలి ఇంటి పై వాటా కిరాయికి ఇచ్చేశాం.

ఆ వానాకాలంలోనే ఇంకో సంగతి బయటపడింది. ఒకరోజు ఆయన తీగ కడుతూ కొనను రెండుసార్లు తన వేలికే గుచ్చుకున్నాడు. మూడోసారి నేను చెయ్యి పట్టుకుని ఆపాను. మొహం ముందు వేళ్లు ఆడించి, ఎన్ని అని అడిగితే కసిరాడు. కసిరాడు గాని చెప్పలేకపోయాడు. రెండు కళ్లకూ పొర వచ్చింది. ఎన్నేళ్లుగా చూపు ఆననివ్వకుండా ఉందో! ఆ ఆవరణంతా ఆయనకు కాళ్లతోనే తెలుసు. పొగలను కళ్లతో వెతకకపోవడానికి కారణం అప్పుడు నాకు తెలిసింది.

దవాఖానాకు రానన్నాడు. ఆయన భార్య, నా భార్య కలిసి రెండు రోజులు పోరితే ఒప్పుకున్నాడు. భద్రాచలం తీసుకెళ్లి ఒక కంటికి ఆపరేషన్ చేయించాం. బెడ్డు పక్కన స్టూలు మీద నేను కూర్చున్నాను. కట్టుతో పడుకుని, "డిపోకాడ ఎవరున్నరు?" అని గంటకోసారి అడిగాడు.

కట్టు విప్పాక మొదటిసారి డిపోకు వచ్చిన రోజు వాన వెలిసి ఎండ కాస్తోంది. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని గేటు లోపలికి నాలుగడుగులు వేసి ఆగిపోయాడు. అద్దాలు కిందికి జరిపి బాటంతా చూశాడు.

"గింత చెత్త ఉంచుకున్నవేంది చిన్న సేటు!" అన్నాడు. "గోడ మూలకు చూడు. గా చెట్టు మొదట్ల చూడు. ఇన్ని దినాలు గిట్లనే ఊడుస్తున్నవా?"

నా భార్య షెడ్డులో నిలబడి పడీపడీ నవ్వింది. నేను పొరక తెచ్చి, ఆయన వేలు చూపించిన చోటల్లా ఊడ్చాను. తడి ఆకులు నేలను పట్టుకుని లేవడం లేదు. రెండు మూలలు అయ్యాక ఆయన గొంతు ఆగిపోయింది. తిరిగి చూస్తే కంచె దగ్గర నిలబడి, తీగ మీద చేతులు పెట్టి, అడవి వైపు తల ఎత్తి ఉన్నాడు. వాన నీళ్లు ఇంకా చెట్ల మీద నుంచి చుక్కలు చుక్కలుగా పడుతున్నాయి. ప్రతి చుక్కలోనూ ఎండ మెరుస్తోంది. పక్కకు వెళ్లి నిలబడ్డాను.

"ఏం చూస్తున్నవ్ అన్నా?"

"ఆకులు" అన్నాడు. "ఒక్కొక్కటి కనబడుతున్నది."

నేనూ చూశాను. షెడ్డులోంచి చాయ్ తాగడానికి రమ్మని పిలుపు వచ్చింది. ఇంకోసారి వచ్చింది. మేమిద్దరం ఇంకాసేపు అక్కడే ఉన్నాం.